డెడ్ అయిన ఫోన్‌లోంచి ఫొటోలు ఎందుకు రావు?

ఫోన్ నీళ్లలో పడింది, ఆన్ కావడం లేదు. రిపేరు షాపులో విప్పి చూసి "బోర్డు పోయిందండీ, డేటా రాదు" అంటారు. పాత ఫోన్ పోయినప్పుడు మెమరీ కార్డు తీసి ఇంకో ఫోన్‌లో పెట్టుకుంటే పాటలూ ఫొటోలూ అన్నీ వచ్చేవి కదా, ఇంత ఖరీదు పెట్టి కొన్న దీంట్లోంచి ఎందుకు రావు? పోయిన నాన్న గొంతు అందులోనే ఉండిపోయిన వాళ్లకు ఇది చిన్న ప్రశ్న కాదు.

మైక్రో ఎస్‌డీ కార్డును తిరగేసి చూడండి. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు, ఒక కొసన వరసగా 8 బంగారు రంగు పట్టీలు. ఆ పట్టీలు తగిలితే చాలు, ఏ ఫోనైనా, కార్డ్ రీడరైనా దాన్ని చదువుతుంది. ఫోన్ లోపలి స్టోరేజీ కూడా అదే జాతి ఫ్లాష్ చిప్పే. కాకపోతే దాన్ని బోర్డుకు టంకం వేసి అతికిస్తారు.

వేడిగాలితో ఆ చిప్పును ఊడదీయవచ్చు. అయినా లాభం లేదు. లోపలి డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో మొదలైన ఈ నిబంధన ఆండ్రాయిడ్ 10 నాటికి కొత్త ఫోన్లన్నింటికీ తప్పనిసరి అయింది. దాన్ని విప్పే తాళంచెవిలో ఒక భాగం అదే బోర్డు మీది ప్రాసెసర్ లోపల ఉంటుంది, బయటికి రాదు. రెండో భాగం మీ స్క్రీన్ లాక్. చిప్పు ఒక్కటే చేతికొస్తే కనిపించేది అర్థంలేని అంకెలే. ఫోన్ దొంగ చేతిలో పడ్డప్పుడు మనల్ని కాపాడేదీ ఇదే.

అందుకే షాపులో ముందే గట్టిగా చెప్పాలి: "బోర్డు మార్చొద్దు, ఉన్న బోర్డునే ఒక్కసారి ఆన్ అయ్యేలా చేయండి, నాకు డేటా కావాలి" అని. బోర్డు మారిస్తే ఫోన్ బతుకుతుంది, ఫొటోలు పోతాయి. పోయింది డిస్‌ప్లే ఒక్కటే అయితే భయం లేదు. బొమ్మ కనిపిస్తూ టచ్ మాత్రమే పనిచేయకపోతే చాలా ఫోన్లకు ఓటీజీ అడాప్టర్‌తో మౌస్ తగిలించి లాక్ తీయవచ్చు.

మరి చాలా ఫోన్లలో మెమరీ కార్డు పెట్టే స్లాట్ ఎందుకు తీసేశారు? వేగం నిజమైన కారణమే. ఫోన్లలో వాడే మామూలు యూహెచ్ఎస్-1 కార్డు గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీ, ఫోన్ లోపలి యూఎఫ్ఎస్ 3.1 స్టోరేజీ దాదాపు 2,000 ఎంబీ చదువుతుంది. యాప్‌లు కార్డులో ఉంటే ఫోన్ నత్తనడక నడిచేది ఇందుకే. శాంసంగ్ 2015లో గెలాక్సీ ఎస్6కు స్లాట్ తీసేసి, మరుసటి ఏడు ఎస్7కు తిరిగి ఇచ్చి, 2021లో ఎస్21తో మళ్లీ తీసేసింది. స్లాట్ లేకపోతే ఎక్కువ స్టోరేజీ మోడల్‌ను ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చన్నది కూడా కారణమేనని నా నమ్మకం. ఫొటోలకూ వీడియోలకూ కార్డు వేగం చాలు. ఆ సౌకర్యం తీసేయడం అన్యాయం.

స్లాట్ ఉన్న ఫోన్ అయితే, కార్డు పెట్టగానే కొన్ని ఫోన్లు అడిగే ప్రశ్న దగ్గర ఆగండి. 'పోర్టబుల్ స్టోరేజీ' ఎంచుకుంటేనే కార్డు వేరే ఫోన్‌లో తెరుచుకుంటుంది. 'ఇంటర్నల్ స్టోరేజీ' అంటే దాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి ఆ ఫోన్‌కే కట్టేస్తుంది; ఫోన్ పోతే కార్డూ పోయినట్టే.

కార్డు కొనేటప్పుడు కారుచౌక ధర చూసి మోసపోవద్దు. నకిలీ కార్డులో లోపలి కంట్రోలర్ అబద్ధం చెబుతుంది: ఉన్నది 32 జీబీ, ఫోన్‌కు చూపేది 512. అసలు జాగా నిండాక తీసిన ఫొటోల పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. కొత్త కార్డును హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రాంతో పూర్తిగా నింపి, తిరిగి చదివించి చూసుకోవాలి.

కెమెరా సెట్టింగ్స్‌లో కార్డును ఎంచుకున్నా వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు లోపలి స్టోరేజీలోకే వెళతాయి. వాటిని అప్పుడప్పుడూ మనమే కార్డులోకి కాపీ చేసుకోవాలి. స్లాట్ లేనివాళ్లు ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి చేసుకోవచ్చు.