చర్మ క్యాన్సర్‌: రక్త పరీక్ష చెప్పేదెంత?

చర్మంపై కనిపించే క్యాన్సర్‌కు రక్త పరీక్ష ఎందుకన్న సందేహం సహజం. చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన మెలనోమా రోగుల రక్తంలో రోగనిరోధక వ్యవస్థ స్థితిని తెలిపే సూచికల కోసం శాస్త్రవేత్తలు కొన్నేళ్లుగా అన్వేషిస్తున్నారు. ఈ పరీక్షల ఉద్దేశం జబ్బును కనిపెట్టడం కాదు. ఇవ్వబోయే మందు ఆ రోగికి ఎంతవరకు పనిచేస్తుందో అంచనా వేయడం.

కళ్లెం వదిలే మందులు

రక్తంలోని టీ కణాలకు క్యాన్సర్‌ కణాలను గుర్తించి చంపే శక్తి ఉంది. అవి సొంత శరీరంపైనే దాడికి దిగకుండా ప్రకృతి వాటికి కళ్లెం వేసింది. క్యాన్సర్‌ ఈ కళ్లేన్నే అడ్డుపెట్టుకుని తప్పించుకుంటుంది. దానిని సడలించి చికిత్స చేయవచ్చని నిరూపించినందుకు అమెరికాకు చెందిన జేమ్స్‌ అలిసన్‌, జపాన్‌కు చెందిన తసుకు హోంజోలకు 2018లో నోబెల్‌ బహుమతి లభించింది. ముదిరిన మెలనోమాకు ఇపిలిముమాబ్‌ 2011లో, పెంబ్రోలిజుమాబ్‌, నివోలుమాబ్‌ 2014లో అమెరికాలో అనుమతి పొందాయి.

అయితే ఈ ఖరీదైన మందులు అందరికీ పనిచేయవు. కళ్లెం వదిలిన కణాలు కొందరిలో పేగులు, థైరాయిడ్‌ గ్రంథి, కాలేయంపై దాడి చేస్తాయి. అందుకే ముందస్తు సూచికలకు ఇంత ప్రాధాన్యం.

రక్తంలో ఏం చూస్తారు?

సాధారణ రక్త పరీక్షలోనే ఒక ఆధారం దొరుకుతుంది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్‌ 70 శాతం, లింఫోసైట్లు 20 శాతం ఉంటే వాటి నిష్పత్తి 3.5. చికిత్సకు ముందు ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్న మెలనోమా రోగుల్లో ఫలితాలు తక్కువగా ఉంటున్నట్లు పరిశోధనల్లో తేలింది. వాపును సూచించే ఇంటర్‌ల్యూకిన్‌-6, సీఆర్‌పీ అధికంగా ఉన్నవారిలోనూ ఇదే ధోరణి కనిపించింది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లో మరో అడుగు ముందుకు వేశారు. పెంబ్రోలిజుమాబ్‌ ఇచ్చిన తర్వాత రక్తంలో టీ కణాలు ఎంతగా చైతన్యం పొందాయో లెక్కించి, దానిని కణితి పరిమాణంతో పోల్చారు. సైన్యం మేల్కొంటే చాలదు, శత్రువు బలానికి తగినంతగా మేల్కోవాలన్నది ఆ అధ్యయన సారాంశం.

ఒక్క అంకెతో తీర్పు వద్దు

జ్వరం, ఇన్‌ఫెక్షన్‌, స్టెరాయిడ్‌ మాత్రలతో కూడా న్యూట్రోఫిల్స్‌ పెరుగుతాయి. కాబట్టి నివేదికలో ఒక అంకె పెరిగిందని బెంబేలు పడనక్కర్లేదు. అన్నీ మామూలుగా ఉన్నాయని ధీమా పడటమూ తగదు. తొలి దశ మెలనోమాలో సాధారణ రక్త పరీక్షలో ఏ తేడా కనిపించకపోవచ్చు. జబ్బును నిర్ధారించేది అనుమానిత భాగం నుంచి ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షే.

అరికాలిని గమనించండి

తెల్లజాతి వారితో పోలిస్తే మన దేశంలో మెలనోమా అరుదు. అయితే మనవారిలో ఇది తరచుగా ఎండ తగలని అరికాలు, అరచేయి, గోళ్ల కింద వస్తుంది. ఆనెకాయ అనో, ముల్లు గుచ్చుకున్న గాయమనో భావించి కాలయాపన చేయడమే ముప్పు. పెరుగుతున్న నల్లమచ్చ, అంచులు వంకరగా ఉండి రంగు మారే పుట్టుమచ్చ, గోరుపై కొత్తగా వచ్చిన నల్లగీత, వారాల తరబడి మానని పుండు కనిపిస్తే వెంటనే చర్మవ్యాధి నిపుణులను సంప్రదించాలి. తొలి దశలో గుర్తిస్తే శస్త్రచికిత్సతోనే నయమయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఖరీదైన మందులతోగానీ, ఈ సూచికల లెక్కలతోగానీ అవసరం పడకపోవచ్చు.