గెలవలే.. కానీ తొవ్వ తీసింది

గుర్రప్పందెమంటే మనకు హైదరాబాద్ మలక్‌పేటనే యాదికొస్తది. ఆడ గుర్రాలు ఉత్తగ ఉరుకుతయ్. ఇంగ్లండ్‌ల గ్రాండ్ నేషనల్ అట్ల కాదు. నాలుగు మైళ్లకు పైన ఉరుకాలె, నడుమ 30 కంచెలు దుంకాలె. పానం మీదికొచ్చే ఆట.

1975ల ఆడ, మగ తేడా చూపొద్దని అక్కడ చట్టమొచ్చింది. 1977ల 21 ఏండ్ల షార్లెట్ బ్రూ బారనీ ఫోర్ట్ అనే గుర్రమెక్కి బరిలకు దిగింది. ఆ పందెంల స్వారీ చేసిన మొదటి ఆడామె ఆమెనే. ఆడోళ్లతోని కాదని శానామంది అన్నరు. 26 కంచెలు దాటింది. 27వ కంచె కాడ గుర్రం మొరాయించింది. 1982ల గ్రాండ్ నేషనల్‌ల ఆమె మళ్లొకసారి దిగింది.

ఓడిపోయిందంటరా? నేననను. 1982ల జెరాల్డిన్ రీస్ పందెం ఆఖరుదాంక పోయింది. 2021ల రేచల్ బ్లాక్‌మోర్ ఏకంగ గెలిచింది. తమ్ముండ్లూ, మీ ఊర్ల మొదలు బరిలకు దిగిన చెల్లె ఓడితే నవ్వకుర్రి. ఎనుకొచ్చేటోళ్లకు తొవ్వ ఆమెదే.