పెరటి కోళ్లు: పిల్లనాటి నుండి పెట్టనాటి వరకు

పెరడు గల గృహిణికి కోళ్ల పెంపకము మిక్కిలి సులభమని తోచును. గింజలు చల్లిన తినును, సందెవేళకు గూడు చేరును, గ్రుడ్లు పెట్టును. అంతకంటె నేమున్నదని నేనును తలంచితిని. బడిపంతులు జీతముతో నడచు సంసారమునకు గ్రుడ్ల రాబడి కొంత తోడగునని యాశించి యిరువది పిల్లలను తెచ్చితిని. ఆ యాశ యెట్లు ముగిసెనో కడపట చెప్పెదను. అటుపిమ్మట నేను నేర్చుకొన్న పద్ధతిని ముందు మనవి చేయుచున్నాను.

నాటుపెట్ట తానే పొదిగి 21 దినములకు పిల్లలను లేపును. వానిని తన రెక్కల క్రిందనే సాకును. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు నాటుకోళ్లకంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. కాని కొని తెచ్చిన పిల్లలకు తల్లి యుండదు. ఆ తల్లి చేయు పని మనము చేయవలెను.

తల్లి యిచ్చునది మొదట వెచ్చదనము. తొలి వారము 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావలెను; పిమ్మట వారమునకు 5 డిగ్రీల వంతున తగ్గింపవచ్చును. పిల్లకు రెండు వాట్ల చొప్పున, ఇరువది పిల్లలకు 40 వాట్ల పాతరకపు బల్బు వ్రేలాడదీసిన చాలును. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములు వెలుగునిచ్చును గాని వేడి నీయవు. చుట్టును అట్టతో గుండ్రముగా దడి కట్టవలెను. మూలలున్నచో పిల్లలు అందు క్రిక్కిరిసి యొకదాని క్రింద నొకటి నలిగి చచ్చును. వేడి సరిపోయినదో లేదో పిల్లలే చెప్పును. దీపము క్రింద గుమిగూడిన చలి యని, దూరముగా పోయి నోరు తెరచి రొప్పిన వేడి హెచ్చినదని, అంతటను చెదరి తిరుగుచున్న సరిపోయినదని గ్రహింపుడు.

రెండవది పొడి నేల. రెండంగుళముల మందమున ఊక పరచి, తొలి మూడు నాలుగు దినములు దానిపై కాగితము కప్పవలెను. లేనిచో పిల్లలు ఊకనే మేత యనుకొని మ్రింగును. తడిసిన ఊకను వెంటనే తీసివేయుడు. నేల చెమ్మగా నున్నప్పుడే రక్తవిరేచనముల జబ్బు పుట్టును. నీటి పళ్లెము లోతు లేనిదై యుండవలెను. అందు నాలుగు గులకరాళ్లు వేసిన పిల్లలు మునుగవు.

మేతకు నూకలు మాత్రమే చాలవు. వానితో కడుపు నిండును గాని యెముక పెరుగదు. ఆరు వారములవరకు పిల్లల దాణాయే పెట్టుట మేలు. తరువాత పగటివేళ పెరటిలో విడువవచ్చును. ఆకుకూర తుంపులు, వంటింటి మిగులు, చెదపురుగులు వానికి విందు. రాత్రివేళ మాత్రము ముంగిస, పిల్లి దూరకుండ ఇనుప వల బిగించిన గూటిలో మూయవలెను. ఎదిగిన కోడికి రెండు చదరపుటడుగుల చోటైన నుండవలెను. అయిదారు మాసములకు పెట్టలు గ్రుడ్లకు వచ్చును. అప్పుడు గుల్లల పొడి అందుబాటులో నుంచిన గ్రుడ్డు పెంకు గట్టిపడును.

ఇవన్నియు నేను చేసితిని. చేయని దొక్కటే, టీకా.

కొక్కెర తెగులునకు, అనగా రాణీఖేత్ వ్యాధికి, మందు లేదు. ముందుగా వేయు టీకాయే రక్ష. ఏడవ దినమున కంటిలో నొక చుక్క, నాలుగవ వారమున మరల చుక్క, ఎనిమిదవ వారమున సూది. నేను పశువైద్యశాల కేగినప్పుడు, “సీసాలో నూరు మోతాదులుండును, కలిపినపిమ్మట రెండు గంటలలో వాడవలెను, వీధిలోని కోళ్లన్నిటికిని ఒక్కసారి వేయింపు”డని చెప్పిరి. ఇంటింటికి పోయి యడుగుట నామోషీ యనిపించి యూరకుంటిని.

నాలుగవ మాసమున నొక పెట్ట మెడ వంకర తిరిగి, ఆకుపచ్చని విరేచనములతో పడిపోయెను. వడదెబ్బ యనుకొంటిని, చెప్పిన నలుగురు నవ్వుదురని యెవరికిని చెప్పలేదు. చచ్చినదానిని వీధి చివర దిబ్బపై పారవేయించితిని. పది దినములలో మా గూడు శూన్యమయ్యెను. అంతటితో పోయినను బాగుండెడిది. పొరుగింటి అవ్వకు నాలుగు పెట్టలుండెడివి; వాని గ్రుడ్లమ్మియే మనుమని పుస్తకములు కొనుచుండెడిది. అవియు పోయినవి. అవ్వ నన్ను తిట్టలేదు. “మీ కోళ్లకి జబ్బు చేసిందని ఒక్క మాట చెప్తే, నా పెట్టల్ని గంప కింద మూసేసుకుందును కదమ్మా!” అన్నది. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

మరుసటి యేడు ఇంటింటికి నేనే పోయితిని. ఎవరును నవ్వలేదు. ఒకే యుదయమున ఐసుపెట్టెలో సీసా తెచ్చి మా యరుగుమీద వీధిలోని కోళ్లన్నిటికి టీకా వేయించితిమి. అవ్వకు నేనిచ్చిన రెండు పెట్టలును వానిలో నుండెను. అవి నేడు గ్రుడ్లు పెట్టుచున్నవి.

కావున సోదరీమణులారా! కోడి జబ్బుపడిన దాచకుడు, సంతకు పంపి అమ్మకుడు. వేరుగా మూసి పశువైద్యునికి చూపుడు. చచ్చినదానిని లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చుడు. ఆ పూటనే పొరుగువారికి చెప్పుడు. మన పెరటికి గోడ యున్నది గాని, తెగులునకు గోడ లేదు.