కన్నవారే అతిథులైనపుడు

తెలుగునాట ధనుర్మాసము ప్రవేశించినదనగా ఇల్లాలికి గడప విడిచి కదలుటకు మనసొప్పదు. తెల్లవారకమునుపే కళ్లాపి, వాకిట ముగ్గు, ముగ్గు నడుమ గొబ్బెమ్మ, వీథిలో హరిదాసు చిడతల చప్పుడు, నెల చివర పెద్ద పండుగ - ఈ వరుసలో ఒక్కదినము తప్పినను ఇల్లు బోసిపోయినట్లుండును. అట్టి నెలలోనే నేడు ఎందరో తల్లులు ఇంటి తాళము పొరుగువారికి అప్పగించి, భర్త వెంట పెట్టెలతో శంషాబాదు విమానాశ్రయము చేరుకొనుచున్నారు. అమెరికాలో చదువుచున్న కొడుకునో కూతురునో చూచుటకు వారికి వేరొక అదను లేదు.

ఇందుకు కారణము అచ్చటి విశ్వవిద్యాలయముల కాలనిర్ణయము. చదువులు ఆగస్టు చివర మొదలగును. దసరా, దీపావళి రెండును పాఠముల నడుమ వచ్చి పోవును. న్యూయార్కు నగరపు ప్రభుత్వ పాఠశాలలకు దీపావళి సెలవు 2023లో చట్టమైనమాట నిజమే కాని, విశ్వవిద్యాలయములలో చాలవరకు ఆనాడును తరగతి తరగతియే, పరీక్ష పరీక్షయే. నవంబరు నాల్గవ గురువారమున వచ్చు కృతజ్ఞతా దినోత్సవమునకు కొలది దినముల విరామము లభించును గాని, దాని వెన్నంటియే పరీక్షలు కాచుకొనియుండును. అవి డిసెంబరు నడుమ ముగియును. అప్పటినుండి జనవరి నడుమ వరకు గల తెరపియే విద్యార్థికి పండుగకాలము. ఆ తెరపిలో క్రిస్మసు కలదు, ఆంగ్ల సంవత్సరాది కలదు, సాధారణముగా వైకుంఠ ఏకాదశియు కలదు. సంక్రాంతి మాత్రము ఒక్కొక్కయేడు అందును, ఒక్కొక్కయేడు తరగతి గదిలో గడచిపోవును.

2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఏ దేశమునుండియు ఆ యేడు అంతమంది పోలేదు. వారిలో తెలుగువారి పాలు ఎంత పెద్దదో హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు ముందు బారులు తీరిన యువకులను చూచిన వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

పూర్వము ఈ రాకపోకలు లేవు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1920లలో బోస్టను చేరి, హార్వర్డులో పరిశోధన సాగించి, 1948లో కన్నుమూయువరకు స్వదేశమునకు తిరిగి రాలేదు. ఇంటివారిని మరల చూచుకొననేలేదు. ఓడమీద ఉత్తరము చేరుటకే వారములు పట్టిన రోజులవి. నేడు తల్లి ప్రతి రాత్రియు బిడ్డ ముఖమును ఫోనులో చూచుచునేయున్నది. ఇక చూడవలసినదేమి మిగిలినదని కొందరందురు. మిగిలినది ముఖము వెనుకనున్న గది. తెలివిగల బిడ్డ ఫోనును ఎల్లప్పుడు ఒకే గోడవైపు త్రిప్పి మాట్లాడును. ఆ గోడకు ఎదుట నేలమీద పరచిన రెండు పరుపులు, వంటవంతుల పట్టిక, అటుకులతో గడపిన రాత్రుల ఖాళీ సంచులు ఉండవచ్చును. తల్లిదండ్రుల రాకతో వెలికి వచ్చునది ఆ గదియే. అందుచేతనే వారు వచ్చుచున్నారన్న సంతోషముతోపాటు విద్యార్థి గుండెలో ఒక బెదురుకూడ పుట్టును.

గోదావరి మండలమునుండి పోయి చికాగో దాపున చదువుచున్న ఒక రైతు కుమారుని తలచుకొందము. కన్నవారిని రప్పించుకొనుటకు అతడు మొదట చేయు పని ఆహ్వానపత్రము వ్రాయుట. సందర్శకుడుగా రాదలచిన ప్రతివాడును అచ్చట స్థిరపడుటకే వచ్చుచున్నాడని ముందుగా భావింపుమని అమెరికా వలస చట్టములోని 214(బి) నిబంధన అధికారికి చెప్పుచున్నది. కాదని రుజువు చేయవలసిన భారము వచ్చువానిది. కనుక తండ్రి పొలము పాసుపుస్తకము, బ్యాంకు లెక్కలు సంచిలో పెట్టుకొని కాన్సులేటులో నిలుచును. ఆ కాగితములలో కుమారుని పత్రముకూడ ఉండును. ‘నా తల్లిదండ్రుల భోజన వసతుల బాధ్యత నాది’ అని అతడు అందులో వ్రాసినాడు. ఫీజునకై రెండెకరములు తాకట్టు పెట్టినది తండ్రి, విమానపు టిక్కెట్లకు డబ్బు కట్టినదియు తండ్రియే. అయినను కాగితముమీద బిడ్డ పోషకుడు, కన్నవారు పోష్యులు. తండ్రి ఆ పంక్తిని చదివి ఏమియు అనడు. మడచి జేబులో పెట్టుకొనును.

ప్రయాణములోని కష్టములు అందరెరిగినవే. ఇంగ్లీషు రాని పెద్దలు నడువగలిగియు చక్రాలకుర్చీ కోరుదురు. నడుమ విమానము మారుచోట దారితప్పకుండ ఆ కుర్చీ త్రోయువాడే చేర్చవలయును. ఇందులో నవ్వదగినదేమియు లేదు. అది వారు కనిపెట్టిన మంచి ఉపాయము. పెట్టెలలో ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, జంతికలు, సున్నివుండలు పోవును. పచ్చి కరివేపాకు పోదు. నారింజ జాతి చెట్లను చెరచు పురుగు దానితో వచ్చునని నిషేధము. బియ్యమును అంతే. ధాన్యమును తొలుచు ఒక పురుగుకు భయపడి, 2011 నుండి మన దేశపు బియ్యమును ప్రయాణికుల పెట్టెలలో రానీయరు. కావున తల్లి గుడిలో పూజచేయించి కొంగున ముడివేసిన అక్షింతలు సైతము దించివేయక తప్పదు. చేరిన పిదప డెవాను వీథిలోని భారతీయ దుకాణమున బియ్యము కొని, పసుపు కలిపి క్రొత్తగా చేసికొనవలయును.

క్రిస్మసు సమీపించినకొలది టిక్కెట్ల వెల హెచ్చును. అందుచేత వారు పరీక్షలు ముగియకమునుపే, డిసెంబరు రెండవ వారముననే దిగుదురు. చికాగోకును మనకును శీతకాలమున పదునొకండున్నర గంటల తేడా. అచ్చట రాత్రి రెండుగంటలకు తల్లికి తెల్లవారును. చప్పుడు చేయకుండ కాఫీ కాచి, ఆవాలు, ఎండుమిరపకాయలతో పోపు వేయగనే కప్పునకు అమర్చిన పొగ కనిపెట్టు యంత్రము కేక పెట్టును. నలుగురు పిల్లలును దుప్పట్లు విసరివేసి లేతురు. ఒకడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో ఆ యంత్రమునకు విసరుచుండగా ఆమె గరిటె చేతబట్టుకొని నేరము చేసినదానివలె నిలబడును. గదిలోని మిగిలిన పిల్లలలో ఒకడు వరంగల్లువాడు, ఒకడు విజయనగరమువాడు, ఒకడు తెలుగు రాని మరాఠీవాడు. మూడవనాటికి నలుగురికిని ఆమెయే అమ్మ.

తల్లికి వంటగది కలదు, తండ్రికి ఏదియు లేదు. ఈ సంగతి ఆతిథ్యమిచ్చు పిల్లలు గమనింపవలసినంత గమనింపరు. ఊరిలో ఆయన తెల్లవారగనే గట్టుమీద నుండును, పిదప కాలువ దగ్గర, పిదప రచ్చచావడి అరుగుమీద. ఇచ్చట కారు లేనిదే అడుగు కదలదు. వీథిలో మనుష్యుడు కానరాడు. సాయంకాలము నాలుగున్నరకు ముందే సూర్యుడు అస్తమించును. ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసికొని పార్కింగు స్థలములోని మంచును చూచుచుండును. అరువదేండ్లు గడచిన పిదప మొదటిసారి అంట్లు తోముట నేర్చుకొనును. నేర్చుకొనుటయే గాక ఆ పని మరియొకరికి విడువడు. అది అవమానమని భార్య కన్నీరు పెట్టుకొనినను ఆయనకు మాత్రము ఆ పని దొరకినందుకు ప్రాణము లేచి వచ్చును.

విద్యార్థి వీసాపై నున్నవారు చదువు సాగుచున్న కాలమున విశ్వవిద్యాలయ ప్రాంగణములో వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదు. సెలవులలో ఆ పరిమితి సడలును. అనగా కన్నవారు వచ్చిన నెలయే అతడు నాలుగు డబ్బులు సంపాదించుకొనదగిన నెల. వారితో గడపు ప్రతి దినమునకును ఒక వెల కలదు. ఆ వెలను అతడు చెప్పడు. తాను చేయు పని ఎట్టిదో అదియు చెప్పియుండలేదు. ‘యూనివర్సిటీలో అసిస్టెంటు’ అని ఇంట చెప్పినాడు. తండ్రి ఆ మాటను ఊరంతయు చెప్పినాడు.

పరీక్షల వారములో ఒక సాయంకాలము కొడుకు చేతితొడుగులు మరచిపోవును. తండ్రి వాటిని పట్టుకొని, మరాఠీ కుఱ్ఱవాని వెంట మంచులో నడచి ప్రాంగణమునకు పోవును. భోజనశాల వెనుక గదిలో కొడుకు ముందు గుడ్డ కట్టుకొని, ఆవిరి చిమ్ము యంత్రము ఎదుట ఎంగిలి పళ్లెములు సర్దుచుండును. ఇద్దరును ఒకరినొకరు చూచుకొందురు. దారిపొడవున ఎవరును మాట్లాడరు. ఇంటి మెట్ల దగ్గర తండ్రి అడుగును:

“రోజూ ఎన్ని గంటలు నిలబడతావురా?”

“నాలుగు గంటలు నాన్నా. పరీక్షలప్పుడు తక్కువే.”

“కాళ్లు లాగవా?”

“మొదట్లో లాగేవి.”

అంతే. మరునాడు తండ్రి తాకట్టు లెక్క తీసి కొడుకు ముందు పెట్టును. అప్పటివరకు ఆయనయు వడ్డీ సంగతి దాచియేయుండెను. నేలమీది పరుపుపై కూర్చుండి తండ్రీ కొడుకులు మొదటిసారి అంకెలు కలిపి చూచుకొందురు. రాకపోకలకై వెచ్చించిన ధనమంతయు ఆ ఒక్క గంటతో చెల్లిపోయినదని చెప్పవచ్చును.

ఆ గంట ముందుగా రాక, అతడు వారి వినోదమునకై కారు అద్దెకు తీసికొని నయాగరాకు బయలుదేరియున్నచో ఏమగును? ఐదువందల మైళ్లకు పైబడిన దారి. డిసెంబరులో జలపాతము క్రిందికి పడవలు నడువవు. చలిలో పది నిమిషములు నిలబడి, ఫొటోలు తీసికొని, రెండు వారముల కూలి వ్రయము చేసి తిరిగి రావలయును. అయినను చాలమంది పిల్లలు అదియే చేయుదురు. ఊరివారికి చూపుటకు ఫొటో ఉండవలయునని తల్లిదండ్రులును కాదనరు. ఇది మర్యాదయే గాని ఆతిథ్యము కాదు. అతిథికి జలపాతము చూపుట సులువు, తాను పళ్లెములు కడుగు గది చూపుట కష్టము.

డిసెంబరు 25 నాడు ఆ ఊరు ఊరంతయు తలుపులు మూసికొనును. దుకాణములు లేవు, రోడ్డుమీద అలికిడి లేదు. తల్లికి ఇది వింతగా తోచును. పండుగనగా వీథిలో జరుగునదని ఆమె ఎరుక, ఇచ్చట అది తలుపు లోపల జరుగును. రాత్రి నానబోసిన బియ్యమును మిక్సీలో వేసి, జల్లించి, భారతీయ దుకాణపు బెల్లముతో పాకము పట్టి ఆమె అరిసెలు వండును. పాకము మొదటిసారి ముదిరి అరిసెలు రాళ్లవలె వచ్చును. రెండవసారి కుదురును. నూనె పిండుటకు అరిసెల చెక్కలు లేవు, రెండు గరిటెలే దిక్కు. ఎదుటి వాటాలోని వృద్ధురాలు బిస్కెట్ల డబ్బాతో తలుపు తట్టగా, తల్లి ఆమెకు అరిసెలు పెట్టి, బొట్టు పెట్టవచ్చునా అని కొడుకు వైపు చూచును. తివాచి పరచిన నడవలో ముగ్గు వేయరాదు గనుక ఆమె ఒక అట్టముక్కపై చుక్కలు పెట్టి తలుపునకు తగిలించియున్నది. వృద్ధురాలు దానివంక చాలసేపు చూచి, ఆ చుక్కలను వ్రేలితో లెక్కపెట్టును.

వైకుంఠ ఏకాదశికి ఆరోరాలోని బాలాజీ ఆలయమునకు పోవుట ఎట్లును ఉండును. అది పూర్తియైనగాని తల్లికి ప్రయాణము సార్థకము కాదు.

చాల అద్దె ఒప్పందములలో అతిథులు ఇన్ని దినములకు మించి ఉండరాదను షరతు ఉండును. విమానాశ్రయములో అధికారి సాధారణముగా ఆరునెలల గడువు ఇచ్చినను, వీరు జనవరి ఆరంభముననే తిరుగుదురు. దాళ్వా నాట్లు పడవలసియున్నవి, పెద్ద పండుగకు వాకిలి తెరవవలసియున్నది. పోవు ముందు తల్లి మూడు దినములు వండి, చల్లార్చి, డబ్బాలలో పోసి మంచుపెట్టెలో సర్దిపోవును. ప్రతి మూతపైనను తెలుగులో పేరు వ్రాసిన చీటి అంటించియుండును. తరగతులు మొదలైన పిదప ఆ మరాఠీ కుఱ్ఱవాడు రాత్రివేళ ఒక్కొక్క డబ్బా పైకి తీసి, పప్పు ఏదో, పులుసు ఏదో గదిలోని వారిని లేపి అడుగుచున్నాడు.