గద్దర్ పేరు సినిమాకు, గద్దర్ పాట ఎవరికి?

2025 జూన్ 14 సాయంత్రం హైదరాబాద్‌లోని హైటెక్స్ ప్రాంగణంలో తొలి గద్దర్ తెలంగాణ చలనచిత్ర పురస్కారాల ప్రదానం జరిగింది. 2014 నుంచి 2023 వరకు విడుదలైన సినిమాల్లో ఏడాదివారీగా ఎంపిక చేసిన ఉత్తమ చిత్రాలను కూడా ఆ వేదిక మీద గౌరవించారు. 2023 సంవత్సరానికి ‘బలగం’ ప్రథమ ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఆ సినిమా ముగింపులో ఊరినీ కుటుంబాన్నీ కలిపి ఏడిపించిన పాటను పాడినవారు బుడగ జంగం కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. పురస్కారాల రాత్రి వచ్చేనాటికి మొగిలయ్య లేరు. మూత్రపిండాల వ్యాధితో బాధపడుతూ 2024 డిసెంబరు 19న వరంగల్‌లో కన్నుమూశారు. సినిమాకు దక్కిన గౌరవం న్యాయమైనదే. కానీ ఆ సినిమాకు ప్రాణం పోసిన కళారూపానికి ఈ రాష్ట్రంలో ఏటా జరిగే పురస్కారాల రాత్రి ఏది?

1964లో మొదలైన నంది పురస్కారాల స్థానంలో గద్దర్ పేరు పెట్టడం చిన్న నిర్ణయం కాదు. తూప్రాన్‌లో ఒక దళిత కుటుంబంలో పుట్టి, గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని, కాళ్లకు గజ్జె కట్టి ఊరి బాణీని రాజకీయ భాషగా మార్చిన మనిషి పేరును రాజ్యం తన వేదికకు పెట్టుకోవడం చరిత్రలో అరుదు. ‘ఒరేయ్ రిక్షా’ సినిమాలోని పాటకు ప్రకటించిన నందిని ఆయనే తిరస్కరించారన్నది గుర్తుంటే, ఈ పేరు మార్పులోని విడ్డూరం కూడా అర్థమవుతుంది. అయితే ఆ పేరు వెళ్లి చేరింది సినీ పరిశ్రమకు. గద్దర్ సినిమాకు పాటలు రాశారు, పాడారు. కానీ ఆయన పాటకు తల్లివేరు సినిమాలో లేదు. ఒగ్గు కథలో, బుర్రకథలో, వీధి భాగవతంలో, మాదిగవాడ డప్పులో ఉంది. పేరు ఒక ఇంటికి, వారసత్వం మరో ఇంటికి వెళ్లినప్పుడు పంపకం మళ్లీ చూసుకోవాల్సిందే.

తెలంగాణ పల్లెల్లో పాట ఎన్నడూ కులానికి బయట బతకలేదు. మాదిగలకు చిందు, డక్కలి, మాష్టి, బైండ్ల, పద్మశాలీలకు కూనపులి, ముదిరాజులకు కాకిపడగల, గొల్లలకు మందహెచ్చుల. ఇలా ప్రతి కులానికీ దాని పుట్టుక కథ చెప్పే ఆశ్రిత కులం ఉంది. వారికి ఊళ్ల మీద హక్కులుండేవి. ఏ ఊరు ఎవరి వంతో, ఏ ఇంట ఎంత ధాన్యం రావాలో కట్టుబాటు ఉండేది. ఇది కళాపోషణే, అదే సమయంలో కట్టుబానిసత్వం కూడా. మాదిగల గడప తప్ప మరొకరి గడప తొక్కరాదన్న డక్కలి నియమంలో అంటరానితనపు అట్టడుగు మెట్టు కనిపిస్తుంది. వ్యవసాయం, కూలి, వలసలు మారాక ఆ ధాన్యపు కట్టుబాటు కూలిపోయింది. దాని స్థానంలో మరే ఏర్పాటూ రాలేదు. నిమ్నత మిగిలింది, జీవనం పోయింది.

త్రిపురారం, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతానికి ఈ చర్చ కొత్తది కాదు. చివ్వెంల మండలం దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి మాఘమాసంలో ఐదు రోజుల పాటు లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. రాష్ట్రంలో మేడారం తర్వాత అంతటి జాతరగా పెద్దగట్టుకు పేరు. గొల్లల భేరీల మోత, గజ్జెల లాగులు, ‘ఓ లింగా’ అన్న పిలుపు లేకుండా ఆ జాతర లేదు. అక్కడ సంగీతం పక్కవాద్యం కాదు, అదే పూజ. ఈ ఉమ్మడి నల్లగొండ గడ్డ మీదనే సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపాన్ని తీసుకొని భూస్వామ్యం మీద ఎక్కుపెట్టారు. కులం ఇచ్చిన కళారూపం కులపు గోడ దాటి అందరి ఆయుధం కాగలదని ఈ నేల అప్పుడే నిరూపించింది. అలాంటి నేల మీద జాతర ఏర్పాట్లంటే రోడ్లు, నీళ్లు, దీపాలు, బందోబస్తు మాత్రమే కాకూడదు. భేరీ కొట్టే చేతికి ఆ ఐదు రోజుల తర్వాత ఏమిటన్నది కూడా అందులో భాగం కావాలి.

జానపద కళాకారులకు జాతీయ గౌరవాలు రావడం లేదని చెప్పలేం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ వాద్యకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీలు దక్కాయి. ఇవి గర్వించదగినవి. కానీ 2024 మే నెలలో అదే కిన్నెర మొగిలయ్య నిర్మాణ పనుల్లో దినకూలీగా కనిపించారన్న వార్త పత్రికల్లో చదివాం. పద్మశ్రీ వ్యక్తికి వస్తుంది. ఆ విద్య నేర్చుకునే పిల్లవాడికి, కిన్నెర చేసే చేతికి, పాట వినే ఊరికి ఏమీ రాదు. ఒకరిద్దరిని ఎత్తి చూపి మిగిలినవారిని మరచిపోయే గౌరవం, కులవ్యవస్థకు ఏ ఇబ్బందీ కలిగించని గౌరవం.

ఇద్దరు మొగిలయ్యలనూ కలిపి చూస్తే మరో విషయం తేలుతుంది. ఒకరు డక్కలి, మరొకరు బుడగ జంగం. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన తెలంగాణ ఎస్సీ వర్గీకరణ చట్టం 59 కులాలను మూడు వర్గాలు చేసింది. అత్యంత వెనుకబడిన 15 కులాలకు మొదటి వర్గంలో 1 శాతం కేటాయించింది. డక్కలి, బుడగ జంగం, మాష్టి కులాలు ఆ వర్గంలోనే ఉన్నాయి. అంటే ఈ సమాజపు కథలను తరతరాలుగా గుర్తుపెట్టుకున్నవారే బడిలో, కొలువులో అందరికన్నా వెనక మిగిలారని రాజ్యమే ఒప్పుకుంది.

పురస్కారాలకూ వివక్షకూ ఉన్న చుట్టరికం మనకే పరిమితం కాదు. అమెరికాలో పల్లెపాటగా పేరొందిన కంట్రీ సంగీతానికి గుండెకాయ వంటి బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి వాద్యం. 1920లలో రికార్డు కంపెనీలు నల్లవారి పాటను ఒక పేరుతో, తెల్ల పల్లెవాసుల పాటను మరో పేరుతో అమ్మాయి. ఉమ్మడి సంగీతం వర్ణం వారీగా చీలింది. నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఓప్రీ తొలి నల్లజాతి తార డిఫోర్డ్ బెయిలీని 1941లో తొలగించారు; ఆ సంగీత ప్రముఖుల మందిరంలో ఆయనకు చోటు దొరికింది 2005లో, మరణానంతరం. 1971లో చార్లీ ప్రైడ్‌కు కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అత్యున్నత పురస్కారం దక్కినా, 2024లో అదే సంస్థ బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ను ఒక్క విభాగంలోనూ నామినేట్ చేయలేదు. కొద్ది నెలలకే ఆ ఆల్బమ్ కంట్రీ విభాగంలో గ్రామీ గెలిచింది. వాద్యం ఎవరిదో, వేదిక ఎవరిదో అక్కడా వేర్వేరే. మన ‘శాస్త్రీయం’, ‘జానపదం’ అన్న విభజనను కూడా ఈ వెలుగులో చూడాలి. మృదంగానికి తోలు సిద్ధం చేసిన దళితుల జీవితాలను టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’లో రాసేదాకా కచేరీ సభలు వారి పేర్లే ఎరగవు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. కులం పోవాలంటే కులవృత్తి పోవాలి కదా, డప్పుకు పురస్కారమిస్తే మాదిగ పిల్లవాణ్ని మళ్లీ డప్పుకే కట్టేసినట్టు కాదా అని అంబేడ్కర్‌వాదులు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేం. చావు డప్పు, చాటింపు డప్పు వెట్టిగా కొట్టించిన చరిత్ర మనది. కొట్టనన్నవారి ఆత్మగౌరవం ఏ కళకన్నా గొప్పది. అయితే అదే డప్పును మాదిగ దండోరా 1994 నుంచి తన ఉద్యమ పతాకగా ఎత్తుకుంది. సిర్ర, చిటికెన పుల్ల అవే. కొట్టమన్నదెవరు, ఎవరి కోసమన్నది మారింది. కాబట్టి గీత స్పష్టంగా గీయాలి. పుట్టుక వల్ల కొట్టక తప్పనిది వెట్టి. ఇష్టపడి నేర్చి, ధర పలికి, వద్దనుకుంటే వద్దనగలిగేది కళ. పురస్కారం రెండో దాన్ని పెంచాలి. ఏ కులంవారైనా నేర్చుకోవచ్చు, కానీ గురువు స్థానం ఆ విద్యను కాపాడినవారిదే కావాలి.

అందుకు చేయవలసినవి అసాధ్యమేమీ కావు. గద్దర్ పేరుతోనే జానపద, ఆదివాసీ సంగీతానికి ఏటా ఒక పురస్కారాల రాత్రిని నెలకొల్పాలి. దాన్ని హైదరాబాద్‌కు కట్టేయకుండా ఏటా ఒక జిల్లాకు తీసుకెళ్లాలి. పెద్దగట్టు జాతర ఏడాది సూర్యాపేటలో జరిపితే అంతకన్నా తగిన వేదిక ఉండదు. ఎంపిక సంఘంలో సగం మంది ఆయా కళారూపాల పెద్దలు, అందులో స్త్రీలు తప్పనిసరిగా ఉండాలి. కొమురమ్మల గొంతు భర్తల పేర్ల వెనక దాగిపోకూడదు. శాలువాతో పాటు జీవితాంతం నెలవారీ భృతి ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ డప్పు కళాకారులకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నప్పుడు తెలంగాణ వెనకాడవలసిన పని లేదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టం ప్రదర్శకులకు రాయల్టీ హక్కునిచ్చింది. ‘సంప్రదాయ గీతం’ అన్న ఒక్క మాటతో ఆ హక్కు ఎగిరిపోకుండా సినిమాలు, యూట్యూబ్ చానళ్లు గాయకుడి పేరు, కళారూపం పేరు వేసేలా, వాటా చెల్లించేలా నిబంధన తేవాలి.

విశ్వవిద్యాలయాల బాధ్యత ఇంకా పెద్దది. వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. వారి మీద పరిశోధించి పట్టాలు పొందినవారం మాలో చాలామందిమి. సమాచారం ఇచ్చినవారు ఉపోద్ఘాతంలో కృతజ్ఞతలకు, అనుబంధంలో ఫొటోలకు పరిమితమయ్యారు. పట్టా లేకపోయినా వారిని బోధకులుగా నియమించే పద్ధతి వస్తే, మొదటి వర్గానికి వచ్చిన ఆ 1 శాతం కాగితం దాటి తరగతి గదిలోకి అడుగుపెడుతుంది.

గద్దర్ పేరును సినిమా నుంచి వెనక్కు తీసుకోవాలని ఎవరూ అడగడం లేదు. ఆ పేరుకు ఆస్తి ఇచ్చిన వాడలకు కూడా ఒక వేదిక, ఒక వేతనం, వద్దనగలిగే ఒక హక్కు ఇవ్వమన్నదే అడుగుతున్నది. తదుపరి పురస్కారాల ప్రకటనలో ఆ ఒక్క విభాగం చేరుతుందా లేదా అన్నదాన్ని బట్టే, రాష్ట్రం గద్దర్‌ను గౌరవించిందో, ఆయన పేరును మాత్రమే వాడుకుందో తేలుతుంది.