డాబా ఇంట్లో చల్లదనం



పంట చేతికి వచ్చి నాలుగు రూపాయలు మిగిలితే, పాత పెంకుటిల్లు విప్పి డాబా వేసుకుందామని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. మంచిదే. తాటాకింటికి అగ్గి భయం, మట్టిగోడకు చెద భయం, పెంకుటింటికి ఏటేటా పెంకు సర్దే పని. డాబాకు ఈ బాధలు లేవు. అయితే గృహప్రవేశమైన మొదటి వేసవిలోనే ఇంటిల్లిపాదీ మంచాలు ఎత్తుకుని బయటకు రావడమూ మనం చూస్తున్నదే. బయటకు రాలేని ముసలివాళ్లు, బాలింతలు, పసిపిల్లలు లోపలే ఉడికిపోతారు. వడదెబ్బ పొలంలోనే తగులుతుందని అనుకోకండి. ఉక్కపట్టిన గదిలోనూ తగులుతుంది. అప్పు చేసి కట్టిన ఇల్లు ఇట్లా ఎందుకు కావాలి?

కారణం తెలిస్తే నివారణ సులువు. మన ప్రాంతం కర్కటరేఖకు దక్షిణాన ఉన్నది. అందుచేత వేసవిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నపు ఎండ గోడల మీద కంటె పైకప్పు మీదనే ఎక్కువగా పడుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా ఆ వేడిని తాగి, పొద్దుగూకిన తరువాత గదిలోకి వదులుతుంది. ఫ్యాను వేసినా వేడిగాలే దిగేది అందుకే. కాబట్టి ముందరి గోడ నగిషీలకు పెట్టే డబ్బులో కొంత పైకప్పుకు మళ్లించండి. ఈనాడు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

“ఇల్లు ఇదివరకే కట్టేశామండీ, ఇప్పుడేం చేయాలి?” అంటారేమో. ఎండలు ముదరక మునుపే స్లాబును శుభ్రంగా కడిగి, బీటలుంటే పూడ్చి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు మూడు పూతలు వేయండి. తెల్లని కప్పు ఎండలో ఎక్కువ భాగాన్ని పైకే తిప్పి పంపుతుంది. ఇందుకని ప్రత్యేకంగా అమ్మే తెల్ల రంగులు కూడా ఉన్నాయి. ధర ఎక్కువ, మన్నికా ఎక్కువ. సున్నం వానకు కరుగుతుంది గనుక ఏటా వేయవలెను. దుమ్ము పడితే దాని గుణం తగ్గుతుంది, అప్పుడప్పుడు ఊడ్చాలి. ఇటువంటి కప్పులను ప్రోత్సహించడానికే తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానం ప్రకటించింది. నమ్మకం కుదరకపోతే, మడిలో ఒక చెక్కకు మాత్రమే ఎరువు వేసి చూసినట్లు, ఒక గది పైన మాత్రమే పూసి, పక్క గదితో పోల్చి చూడండి.

ఇక కొత్తగా కట్టుకునేవారికి నాలుగు మాటలు.

మొదటిది దిక్కు. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా వచ్చి తూర్పు, పడమటి గోడలను కొడుతుంది. ఆ గోడలు పొట్టిగానూ, ఉత్తర, దక్షిణపు గోడలు పొడవుగానూ ఉంచండి. పడమట వసారా గాని, ఒక వేపచెట్టు గాని ఉంటే మరీ మంచిది.

రెండవది గోడ. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో బోలు వదిలి తొమ్మిది అంగుళాల గోడ కట్టే పద్ధతి ఉన్నది. దీనిని ‘ర్యాట్ ట్రాప్’ కట్టు అంటారు. 1945లో ఇంగ్లండు నుండి మన దేశానికి వచ్చి, తరువాత కేరళలో స్థిరపడిన లారీ బేకర్ దీనికి ఎంతో ప్రచారం తెచ్చాడు. ఇటుకలో సుమారు నాలుగవ వంతు మిగులుతుంది. బోలులోని గాలి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. కొలత సరిగా ఉండే బూడిద ఇటుకలు దీనికి అనువైనవి. అయితే పునాది మీది వరుస, తలుపులు, కిటికీల పక్కలు, స్లాబు క్రింది వరుస బోలు లేకుండా కట్టాలి. కరెంటు గొట్టాలు ఎక్కడెక్కడ వస్తాయో ముందే అనుకోండి. తరువాత గోడ తొలిస్తే బలం పోతుంది.

మూడవది స్లాబు. బరువు మోసేటప్పుడు స్లాబు పై భాగంలోని కాంక్రీటు నొక్కుడును తట్టుకుంటుంది. క్రింది భాగంలోని లాగుడును ఇనుప చువ్వలు తట్టుకుంటాయి. క్రింద చువ్వల మధ్యనున్న కాంక్రీటుకు పని తక్కువ. అక్కడ బంగాళా పెంకులు జతలుగా పెట్టి పైన కాంక్రీటు పోస్తే సిమెంటు మిగులుతుంది, వేడి తగ్గుతుంది. విప్పిన పాత ఇంటి పెంకులే పగలనివి ఏరి వాడుకోవచ్చు. పోసే ముందు వాటిని నీళ్లలో నానబెట్టాలి, లేకుంటే కాంక్రీటులోని తడిని పీల్చేస్తాయి. చువ్వల లెక్క మాత్రం ఇంజనీరు చేతనే వేయించండి.

నాలుగవది గాలి. కిటికీకి ఎదురుగా కిటికీ ఉండాలి. వంటింట్లో కప్పుకు దగ్గరగా గవాక్షం ఉంటే పొగ, ఆవిరి పైకి పోతాయి. వేసవిలో పగలు ఎండవేళ కిటికీలు మూసి, రాత్రి తెరవండి. డబ్బు చాలక రేకులు వేసుకునేవారు ఒక సంగతి మరువకండి: రాతినార కలిసిన సిమెంటు రేకులను కోసినా, తొలిచినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ గోడ ఒక్కటి ఊళ్లో ఎక్కడైనా కట్టి చూపించండి. పశువుల కొట్టం గోడైనా సరే. తాపీ మేస్త్రి చేయి ఒకసారి అలవాటు పడితే తరువాత ఆయనే పదిమందికి చెబుతాడు.

రైతులారా, స్లాబు పోశాక మార్పు కష్టం. సెంట్రింగు కొట్టక మునుపే మేస్త్రిని కూర్చోబెట్టి ఈ విషయాలు మాట్లాడుకోండి.