కారు కప్పుకు జిగురు చాలునా?

మే నెల మిట్టమధ్యాహ్నం శామీర్‌పేట చెరువు దగ్గర ఎండలో నిలిపిన నల్లరంగు కారు కప్పు మీద చేయి వేసి చూడండి. చురుక్కుమని వెంటనే తీసేస్తారు! అదే కారు డిసెంబరు తెల్లవారుజామున మేడ్చల్‌లో మంచుకు తడిసి చల్లగా ఉంటుంది. ఈ రెంటికీ నడుమ తేడా 60 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. ఉక్కు కప్పుకు దీనివల్ల ఇబ్బంది లేదు. కప్పూ ఉక్కే, దాన్ని మోసే చట్రమూ ఉక్కే. రెండూ కలిసి వ్యాకోచిస్తాయి, కలిసి ముడుచుకుంటాయి.

మరి ఆ రేకు స్థానంలో కార్బన్ నారను రెజిన్‌తో గట్టిపరచిన కాంపోజిట్ పలకను అమర్చితే? బరువు తగ్గుతుంది. అందులోనూ నెత్తిమీది బరువు తగ్గుతుంది గనుక గరిమనాభి కిందికి దిగి, మలుపుల్లో బండి నిలకడగా ఉంటుంది. బి.ఎం.డబ్ల్యు. కంపెనీ 2003లో ఎం-3 సి.ఎస్.ఎల్. కారుకు ఇలాంటి కప్పే పెట్టింది. అయితే ఈ పలకను ఉక్కుకు వెల్డింగు చేయలేము. రివెట్ల కోసం తూట్లు పొడిస్తే నారలు తెగుతాయి, ఒత్తిడి అంతా ఆ తూట్ల చుట్టూ చేరుతుంది. కావున జిగురే శరణ్యం.

జిగురా అని నవ్వకండి! నేటి కార్ల ముందు అద్దాన్ని పట్టి ఉంచేది కూడా పాలీయురెథేన్ జిగురే.

ఇక అసలు చిక్కు చూద్దాం. మీటరు పొడవు ఉక్కు ఒక్కొక్క డిగ్రీకి 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కప్పు పొడవు 1.2 మీటర్లయితే, 60 డిగ్రీలకు చట్రం దాదాపు 0.86 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కార్బన్ పలక పెరిగేది చాలా స్వల్పం. అంటే ఒక్కొక్క చివర సుమారు 0.4 మిల్లీమీటర్ల జరుగుబాటు. దీన్ని భరించవలసింది జిగురే.

గట్టి ఎపాక్సీని 0.2 మిల్లీమీటర్ల పొరగా పూశామనుకోండి. అది తన మందానికి రెండింతలు పక్కకు జరగాలి. జరగలేదు. జిగురు పగులుతుంది, లేదా పలక వంకర పోతుంది. సాగే పాలీయురెథేన్‌ను 3 మిల్లీమీటర్ల మందాన వేస్తే, జరగవలసింది మందంలో ఏడో వంతే! అందుకే పలకను బలంగా అదిమి జిగురంతా బయటికి నెట్టెయ్యకూడదు. మందం నిలవడానికి మధ్యలో చిన్న చిన్న ఆనింపులు పెడతారు.

మరికొన్ని జాగ్రత్తలున్నాయి. అతికే చోట నూనె, దుమ్ము లేకుండా తుడిచి, ప్రైమర్ పూయాలి. ఒకే ట్యూబులో వచ్చే పాలీయురెథేన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, పొడిగాలిలో ఆలస్యమవుతుంది. కాబట్టి తొందరపడి బండి కదిలించరాదు. కార్బన్ విద్యుద్వాహకం. అది నేరుగా ఉక్కుకు తగిలి, వాననీరు చేరిందా, చిన్న బ్యాటరీ తయారై ఉక్కు తుప్పు పడుతుంది. జిగురుపొర రెంటినీ వేరుగా ఉంచాలి.

బండి పల్టీ కొట్టినప్పుడు మన తలలను కాపాడేది ఈ కప్పే. కనుక ఉత్సాహం కొద్దీ సొంత కారు కప్పు కోయించకండి. కంపెనీ నిర్మాణాన్ని అలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒప్పదు. ప్రయోగశాలలో మాత్రం తప్పక చేసి చూడండి. అప్పుడు జిగురు ఎంత గట్టిదని కాదు, ఎంత సాగుతుంది, ఎంత మందాన ఉంది అని అడగండి.